జకార్డు అట్టనుండి గింపువరకు: భివండీ మరమగ్గములు, బొమ్మ గీయు పనిముట్లు

బొంబాయికి ఈశాన్యమున, ఠాణా జిల్లాలో, కామ్వారీ నది యొడ్డున నున్న భివండీ పట్టణమునకు మరమగ్గములే ప్రాణము. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబములు అచ్చట పద్మానగరము వంటి పేటలలో స్థిరపడి తెలుగు పలుకును నిలుపుకొని యున్నవి. 1982 జనవరిలో బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె ప్రారంభమైన పిదప మిల్లుల పనిలో కొంత భాగము ఈ మగ్గములకు మరలినది. ఇది పలువురెరిగిన చరిత్రము. ఇచ్చట విచారింపవలసినది మరియొకటి: బట్టలో నేయవలసిన బొమ్మను గీయుట కే పనిముట్లు వాడిరి? అవి ఎవరి సొత్తు? వెల పెట్టి కొనవలసిన పనిముట్టు స్థానమున ఉచితముగా లభించునది నిలువగలదా?

మొదటనే ఒక మాట చెప్పుట న్యాయము. భివండీలో నేయబడునది అధిక భాగము కోరాబట్ట. దానికి బొమ్మతో పని లేదు; పడుగును పేక క్రమముగా దాటిన చాలును. రంగును అద్దకమును పిమ్మట వేరొక చోట జరుగును. చిన్న గళ్లకు, సన్నని చారలకు డాబీ సరిపోవును. పువ్వో, తీగెయో, మామిడిపిందెయో నేతలోనే దిగవలెనన్న జకార్డు కావలెను.

జకార్డు అనునది మనిషి పేరు. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరవాసి జోసెఫ్ మరీ జకార్డు 1804–05 ప్రాంతమున ఆ యంత్రమును సిద్ధపరచెను. అంతకు పూర్వము పువ్వుల పట్టు నేయుటకు నేతగాడు గాక మరియొకడు, తరచుగా బాలుడు, మగ్గముకడ నిలిచి ఏ పడుగుదారములు లేవవలెనో వానికి గట్టిన త్రాళ్లను లాగుచుండెడివాడు. జకార్డు ఆ పనిని రంధ్రములు గల అట్టలకు అప్పగించెను. రంధ్ర మున్నచోట కొక్కెము లేచును, లేనిచోట లేవదు. పేక యొక్కొక్క వరుసకు ఒక్కొక్క అట్ట. బొమ్మ నాలుగువందల పేకల పొడవైనచో నాలుగువందల అట్టలు గ్రుచ్చి మాలగా కట్టవలెను.

అట్ట కొట్టుటకు ముందు బొమ్మను గళ్ల కాగితముపై దించవలెను. నిలువు వరుస ఒక పడుగుదారము, అడ్డు వరుస ఒక పేక. నింపిన గడి యనగా పడుగు పైకి లేచినదని యర్థము. ఈ పని చేయువాడు చిత్రకారుడే కాదు, నేత మర్మ మెరిగినవాడు కూడ కావలెను. ఒక గడి తప్పిన ఆ తప్పు బట్ట పొడవునను బొమ్మ వచ్చినప్పుడెల్ల వచ్చుచునే యుండును. చిత్రమేమనగా, కంప్యూటరు తెరపై బొమ్మ యనునదియు గళ్ల కాగితమే. పిక్సెలని పిలువబడునది ఆ గడియే. 1983లో మిలాన్ ప్రదర్శనమున బోనాస్ సంస్థ ఎలక్ట్రానిక్ జకార్డును చూపిన పిదప అట్టల మాలకు బదులు ఒక ఫైలే కొక్కెములను నడుపు మార్గ మేర్పడినది.

బొమ్మలు దిద్దు సాఫ్ట్‌వేరులలో ప్రసిద్ధి కెక్కిన ఫొటోషాపును నాల్ సోదరులు రచింపగా అడోబీ సంస్థ 1990లో విడుదల చేసెను. 2013 పిమ్మట దాని క్రొత్త రూపములకు చందా కట్టుచుండవలసి వచ్చెను. చందా ఆగిన పనిముట్టు ఆగును. దొంగ ప్రతులతో పని గడుపుకొనుట నేరమేగాని మార్గము కాదు. 1995లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనువారు గింపును రచింప నారంభించిరి. 1996లో అది లోకమునకు వెల్లడియైనది. దానిని ఎవరైనను వాడవచ్చును, దాని మూలమును చదివి మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును. ఆంగ్లమున వెల లేమికిని స్వాతంత్ర్యమునకును ఒకటే మాట యుండుటచే అచ్చటివారు వివరించి చెప్పుకొనవలసి వచ్చినది. తెలుగున ‘ఉచితము’ వేరు, ‘స్వేచ్ఛ’ వేరు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తన పేరున రెండవ మాటనే గ్రహించినది.

గింపు నేతపని కెంతవరకు అక్కరకు వచ్చును? ఒక ఉదాహరణము చాలును. అంగుళమునకు 80 పడుగుదారములు, 60 పేకలు గల బట్టపై అంగుళము వెడల్పు గల వృత్తము నేయవలెననుకొందము. తెరపై 80 గళ్లు వెడల్పు, 60 గళ్లు ఎత్తు గల కోడిగ్రుడ్డును గీసిననే బట్టపై వృత్తము వచ్చును. గింపులో అడ్డమునకు, నిలువునకు వేరువేరు సాంద్రతలు నిర్ణయించి, బట్టపై కనబడు నిజరూపమునే తెరపై చూడవచ్చును. రంగుల సంఖ్యను నాలుగైదింటికి కుదించి ఒక్కొక్క రంగును ఒక్కొక్క నేతకు గుర్తుగా నుంచవచ్చును. అంచులను నడిమికి జరిపి బొమ్మ ప్రక్కప్రక్కల అతుకు పడకుండ కలియునో లేదో పరీక్షింపవచ్చును. ఇవన్నియు గళ్ల కాగితముపై దినములు పట్టెడి పనులు.

గింపుపై ముఖ్యమైన ఆక్షేపణ, కాగితపు ముద్రణకు వలయు నాలుగు సిరాల రంగుల విధానము దానిలో చాలకాలము సరిగా లేదనునది. ఆ ఆక్షేపణ ముద్రాపకునికి సత్యము. మగ్గమునకు అదేమియు లెక్క కాదు. దారము రంగు అద్దకపు తొట్టెలో తేలునుగాని సిరాలో తేలదు. మగ్గమునకు నిజముగా కావలసినవి వేరు: ఏ రంగు చోట సాటిన్, ఏ చోట ట్విల్ అని నిర్ణయించుట, దారము కట్టుపడక మరీ పొడవుగా తేలి గోటికి తగులుకొను తావులను పట్టుట, జకార్డు చదువగల ఫైలును వ్రాయుట. ఇవి గింపులో లేవు. చందా కట్టించుకొను ఫొటోషాపులోను స్వతహాగా లేవు. కావున ఈ రెంటిని పోల్చి తగవులాడుట నేతగాని కంతగా పనికిరాదు. వెల మిక్కుటముగా నుండునది ఆ మూడు పనులు చేయు నేత సాఫ్ట్‌వేరు. ఆ లోటు తీర్చుటకు భారత ప్రభుత్వపు డిజిటల్ ఇండియా కార్పొరేషన్ ‘డిజిబునాయి’ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తయారుచేసినది. జకార్డు, డాబీ రెంటికిని అందు బొమ్మలు కూర్చవచ్చును.

తెలుగు అక్షరము విషయమున గింపు చేసిన మేలు వేరొకటి కలదు. తెలుగు అచ్చు కూర్పువారు చాలకాలము అను వంటి ప్రత్యేక ఫాంటులతో ముక్క ముక్కగా అక్షరమును పేర్చుచు వచ్చిరి. ఒక యంత్రముపై కూర్చినది మరొక యంత్రమున చదువ వీలుపడకుండెను. 2004లో వెలువడిన రెండవ గింపు ప్యాంగో అను అక్షర యంత్రాంగము నాధారము చేసికొనుటచే యూనికోడు తెలుగును వత్తులతో, గుణింతములతో కూర్చు త్రోవ తెరచుకొన్నది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రచించిన పోతన, వేమన ఫాంటులు ఉచితముగా లభించుచున్నవి. పద్మానగరమున మార్కండేయ జయంతికి ప్రకటన పత్రము వేయదలచినవారు అక్షరమునకుగాని, బొమ్మకుగాని, ఎవరికిని చందా కట్టనవసరము లేదు.

అయినను మగ్గముకడ చిక్కు మిగిలియే యున్నది. భివండీలో అనేక మగ్గములు కూలినేతకు నడచును: నూలు వ్యాపారిది, బట్ట వ్యాపారిది, రకమును నిర్ణయించువాడు వ్యాపారి, మగ్గము వానికి దక్కునది మీటరు లెక్కన కూలి. అట్టివానికి గింపు ఉచితముగా దొరకినను దానిలో గీసిన బొమ్మ నెక్కించుటకు జకార్డు కావలెను, ఆ జకార్డు ఉచితము కాదు. సాదా మగ్గముపై దాని నమర్చుటకు పెట్టుబడియు, నేసిన సరుకు కొనువాడును ముందుగా కుదురవలెను. అది కుదిరిన చోట మాత్రము, గళ్ల కాగితపు గుమాస్తా కడకో, బొంబాయి డిజైనరు కడకో పోవలసిన బొమ్మ ఇంటిలోని కుఱ్ఱవాని చేతిలోనే తయారగుటకు నేడు పనిముట్టు వెల అడ్డము కాదు.