ఎడిటర్‌లోకి షెల్ ఎలా వచ్చింది?

మన డబ్లిన్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసేవాళ్ళు ఒక్కరైనా లేని తెలుగు ఇల్లు అరుదు. అందుకని ఈ రోజు ఆ ఉద్యోగాల్లో వాడే ఒక చిన్న పనిముట్టు చరిత్ర చెప్పుకుందాం. కంప్యూటర్ వాసన గిట్టనివాళ్ళు కూడా కాసేపు వినండి. ఈ కథలో కొంత భాగం ఇక్కడికి ముప్పై మైళ్ళ దూరంలో ఉన్న బర్కిలీలో జరిగింది. ఇంకాస్త మన ఊరిదాకా వచ్చింది.

ముందు రెండు మాటలకి అర్థం చెప్పాలి. ఎడిటర్ అంటే ప్రోగ్రాములు, మామూలు రాతలు రాసుకునే చోటు. షెల్ అంటే మనం టైపు చేసిన కమాండ్‌ని అందుకుని, కంప్యూటర్ చేత ఆ పని చేయించి, జవాబు చూపించేది. ఒకటి రాతకి, రెండోది చేతకి. మరి రాసే చోటులోనే షెల్‌ని నడపాలన్న ఆలోచన ఎందుకు వచ్చింది?

ఎందుకంటే 1970లలో ఒక మనిషికి ఒకటే టెర్మినల్, ఒకటే తెర. పక్కన ఇంకో విండో తెరుచుకునే సౌకర్యం లేదు. యూనిక్స్ కోసం కెన్ థాంప్సన్ రాసిన 'ఎడ్' అనే ఎడిటర్‌లో ఆశ్చర్యార్థకం గుర్తు కొట్టి, పక్కన కమాండ్ రాస్తే చాలు. ఎడిటర్ మూయకుండానే షెల్ ఆ పని చేసి పెట్టేది.

1976 ప్రాంతంలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న బిల్ జాయ్ 'ఎక్స్' అనే ఎడిటర్ తయారు చేశాడు. దాని నిండు తెర రూపమే మనవాళ్ళు ఇప్పటికీ వాడే 'వీఐ'. ఆయన ఇంటి నుంచి 300 బాడ్ మోడెమ్ మీద పని చేసేవాడు. అంటే సెకనుకి సుమారు 30 అక్షరాలు. 24 వరుసలు, వరుసకి 80 అక్షరాలు ఉన్న తెర నిండడానికి నిమిషం పైనే పడుతుంది. ఎడిటర్ మూసి, కమాండ్ నడిపి, మళ్ళీ తెరవడమంటే ఎంత ఓపిక కావాలో ఊహించండి. వీఐలో ఆశ్చర్యార్థకానికి మరో పని కూడా ఉంది. కొన్ని పంక్తుల్ని ఒక కమాండ్‌కి ఇచ్చి, తిరిగి వచ్చిన జవాబుని వాటి స్థానంలోనే పెట్టవచ్చు. పిలుపుల జాబితాలో పేర్లని అక్షరక్రమంలో పేర్చాలంటే 'సార్ట్' కమాండ్‌కి ఇస్తే సరి. 'సీ షెల్' రాసింది కూడా ఈ బిల్ జాయే.

ఇటు నుంచి రాత ఇస్తే అటు నుంచి ఇంకో రూపంలో రావడం మన తెలుగుకీ పనికొచ్చింది. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఆర్.టి.ఎస్. పద్ధతిని ఏర్పరచారు. ఆ రాతని తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రామూ వచ్చింది. తెలుగు కీబోర్డు లేని రోజుల్లో, ఏ ఎడిటర్‌లోనైనా తెలుగు రాసుకునే వీలు ప్రవాసులకి అలా కలిగింది.

ఇక తూర్పు తీరానికి వెళదాం. 1976లో ఎం.ఐ.టి.లో 'ఈమాక్స్' పుట్టింది. రిచర్డ్ స్టాల్మన్ దాన్ని కొత్తగా రాసి, 1985లో 'గ్నూ ఈమాక్స్'గా విడుదల చేశాడు. ఇందులో పద్ధతి వేరు. షెల్ మొత్తం ఎడిటర్‌లో ఒక పేజీలా తెరుచుకుంటుంది. మనం కొట్టిన కమాండ్, వచ్చిన జవాబు రెండూ మామూలు రాతగానే ఉంటాయి. వెతకవచ్చు, కత్తిరించవచ్చు, ఫైలుగా దాచుకోవచ్చు. 1988లో ఓలిన్ షివర్స్ రాసిన 'కామింట్' వల్ల, షెల్ ఒక్కటే కాదు, ప్రశ్నకి జవాబిచ్చే ఏ ప్రోగ్రామునైనా ఇలా నడపడం తేలికైంది.

మన ఊరు వచ్చేది ఇక్కడే. సైబేస్ కంపెనీ 1984లో బర్కిలీలో మొదలై, 2002లో ప్రధాన కార్యాలయాన్ని డబ్లిన్‌కి మార్చింది. 2010లో శాప్ దాన్ని కొనేసింది. సైబేస్ డేటాబేస్‌తో మాట్లాడే కమాండ్ ప్రోగ్రాము 'ఐఎస్‌క్యూఎల్'. క్వెరీ రాసి, కింద పంక్తిలో 'గో' అని కొడితే అది నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద పని చేసినవాళ్ళకి ఆ 'గో' బాగా తెలుసు. అది సైబేస్ నుంచి వచ్చిన వారసత్వమే. ఐఎస్‌క్యూఎల్‌లో 'వీఐ' అని కొడితే ఎడిటర్ వస్తుంది. రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టి కమాండ్ రాస్తే షెల్ పని చేస్తుంది. ఈమాక్స్‌లో అయితే 'ఎస్‌క్యూఎల్-సైబేస్' అనే ఆజ్ఞతో ఐఎస్‌క్యూఎల్ ఎడిటర్ లోపలే నడుస్తుంది.

దీనివల్ల లాభమేమిటో ఒక క్లయింటు దగ్గర చూశాను. రాత్రి పూట డేటా లోడ్ సగంలో ఆగిపోయింది. మొదలుపెట్టిన కన్సల్టెంటు అప్పటికే కాంట్రాక్టు ముగిసి వెళ్ళిపోయారు. ఏ టేబుల్ నిండింది, ఏది నిండలేదు అన్నది ఎవరికీ తెలియదు. తెల్లారితే జీతాల లెక్క నడవాలి. ఆయన పనంతా ఎడిటర్ లోపలి షెల్‌లో చేసి, ఆ పేజీని ఫైలుగా దాచి వెళ్ళారు. ప్రతి కమాండ్, దాని కిందే జవాబు, చివర ఎర్రర్. చదువుకుంటూ పోతే ఎక్కడ ఆగిందో తెలిసింది, అక్కడి నుంచి కొనసాగించాం. మామూలు టెర్మినల్ అయితే విండో మూయగానే ఆ జవాబులన్నీ పోయేవి.

వాడదలచినవాళ్ళకి నాలుగు సూచనలు. ఏ షెల్ నడవాలో ఈమాక్స్‌లో 'ఎక్స్‌ప్లిసిట్-షెల్-ఫైల్-నేమ్' అన్న చోట, విమ్‌లో 'షెల్' అన్న ఆప్షన్‌లో చెప్పవచ్చు. ఈమాక్స్ షెల్ పేజీ పూర్తి టెర్మినల్ కాదు కాబట్టి 'లెస్' లాంటివి సణుగుతాయి. 'పేజర్' విలువగా 'క్యాట్' పెడితే ఆ గొడవ తీరుతుంది. పాస్‌వర్డ్‌ని కమాండ్ పక్కన రాయకండి, ఆ పేజీలో ఉండిపోతుంది. దాచిన ఫైల్లో క్లయింటు డేటా ఉంటుంది కాబట్టి దాన్ని వాళ్ళ కంప్యూటర్లు దాటనివ్వకండి.

ఇప్పుడు విండోలకి కొదవ లేదు. అయినా 2016లో విజువల్ స్టూడియో కోడ్‌కి, 2018లో విమ్ 8.1కి లోపలే టెర్మినల్ చేర్చారు. తెర చాలక మొదలైన అలవాటు ఇంకా నిలిచే ఉంది. నా మటుకు నాకు దానివల్ల పెద్ద మేలు, చేసిన పని రాతగా మిగలడం. మన తర్వాత ఆ కుర్చీలో కూర్చునే మనిషి, అది హైదరాబాద్‌లో కావచ్చు, డబ్లిన్‌లో కావచ్చు, ఆ రాత చదువుకుని పని అందుకుంటాడు. ఈసారి ముఖ్యమైన పని చేసేటప్పుడు ఒకసారి ఇలా చేసి చూడండి.