చిల్లర నుంచి పుల్లల కట్ట దాకా: దిగువ కృష్ణా డెల్టాలో తీసివేత బోధన

1. పరిచయం

42లోంచి 17 తీసివేయమన్నప్పుడు "2లోంచి 7 పోదు, పక్కనుంచి అప్పు తెచ్చుకో" అని మీ చిన్నప్పుడు మాస్టారు చెప్పే ఉంటారు. ఈ మాట అర్థంకాక లెక్కలంటే భయపడి, మొద్దు అనిపించుకున్న పిల్లలు ఎందరో ఉన్నారు. లోపం పిల్లల తెలివిలో ఉందా, బోధనలో ఉందా? మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నను చారిత్రకంగా పరిశీలిద్దాం.

2. వీధిబడి

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్ల నుంచి బడుల వివరాలు కోరాడు. అప్పట్లో మచిలీపట్నం కూడా ఒక జిల్లాయే. గుంటూరుతో కలిసి అది కృష్ణా జిల్లాగా మారింది 1859లో. మన్రో 1826లో వెల్లడించిన లెక్క ప్రకారం రాజధాని మొత్తంలో 12,498 బడులు ఉండేవి. తెలుగు, కన్నడ బడులు రెండూ ఉన్న బళ్ళారి జిల్లా కలెక్టర్ కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ఆ బడుల తీరును వివరించింది. ఇసుకలో వేలితో దిద్దించడం, పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పడం ఆయనకు నచ్చాయి. అర్థం తెలియకుండా వల్లెవేయించడాన్ని మాత్రం తప్పుపట్టాడు. ఎక్కాలు కూడా నోటికి రావలసినవే. దీన్నిబట్టి వీధిబడిలో కంటికి కనిపించే బోధన తక్కువని మీరు అనుకోవచ్చు. అయితే ఆ లోటును బడి బయటి జీవితం కొంత పూడ్చింది.

3. బజారు నేర్పిన పాఠం

మచిలీపట్నం రేవు పట్టణం. ఆంగ్లేయులు 1611లో అక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. రకరకాల నాణేలు చేతులు మారే చోట చిల్లర మార్చడం నిత్యకృత్యం. తరవాతి కాలంలో రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. గుడివాడ బజారుకు రూపాయీ పావలా పట్టుకెళ్లి తొమ్మిదణాల సరుకు కొన్న పిల్లవాణ్ణి ఊహించండి. పావలా, అంటే నాలుగణాలు, చాలదు. రూపాయి మారిస్తే 16 అణాలు వస్తాయి. మొత్తం 20లో 9 పోగా 11 అణాలు మిగులుతాయి. ఇక్కడ అప్పు లేదు. తన దగ్గరున్న పెద్ద నాణేన్నే చిన్నవిగా మార్చుకున్నాడు. తీసివేతలోని కీలకం ఇదే.

4. కనుమరుగైన చిల్లర

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. రూపాయికి నూరు పైసలు కావడంతో డబ్బు లెక్క, అంకెల లెక్క ఒకే దారిలోకి వచ్చాయి. బోధనకు ఇది మేలే. కాని ధరలు పెరిగేకొద్దీ పైసల వాడకం తగ్గింది. 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు 2011లో చెలామణి నుంచి తొలగిపోయాయి. ఇప్పుడు ఫోన్‌తో చెల్లించే ఇంట్లో పిల్లలకు చిల్లర కనబడటమే అరుదు. అంటే బజారు ఉచితంగా నేర్పిన పాఠాన్ని ఇప్పుడు బడే చూపించాలి.

1986 జాతీయ విద్యా విధానం తరవాత 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం ప్రాథమిక పాఠశాలలకు బోధనోపకరణాలు సమకూర్చడాన్ని ఒక లక్ష్యంగా పెట్టుకుంది. అయితే ఉపకరణం బీరువాలో ఉంటే చాలదు, పిల్లల చేతికి అందాలి.

5. నేటి ఆచరణ

దివిసీమలో కొబ్బరి ఈనెలకు కొదవ లేదు. వాటిని సమానమైన ముక్కలుగా తుంచి పదేసి చొప్పున కట్టలు కట్టించండి. 42 అంటే నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. 7 తీయడానికి 2 చాలవు కనుక ఒక కట్ట విప్పాలి. విడి పుల్లలు 12 అవుతాయి. అందులో 7 తీస్తే 5, మిగిలిన మూడు కట్టల్లో ఒకటి తీస్తే రెండు. జవాబు 25. కట్టను పిల్లవాడే విప్పాలి, మీరు విప్పకూడదు. పుల్లలతో చేసిన ప్రతి అడుగునూ వెంటనే పలకమీద రాయించండి. "అప్పు" అనే మాట మాని "కట్ట విప్పు" అనండి. అప్పయితే తిరిగి తీర్చాలి కదా అని పిల్లవాడు అడిగితే ఆ సందేహం న్యాయమైనదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1957కు ముందు చిల్లర మార్చడానికి, నేటి తీసివేతకు గల పోలికను వివరించండి.
2. మీ ఊళ్లో పెద్దవారిని అడిగి, వారు తీసివేత ఎలా నేర్చుకున్నారో ఒక పుటలో రాయండి.