పిప్పిగోరు

పిప్పిగోరు (పుప్పిగోరు) చేతి గోళ్ళకు, కాలి గోళ్ళకు శిలీంధ్రాల వలన సోకే వ్యాధి. వైద్య పరిభాషలో దీనిని ఒనికోమైకోసిస్ అంటారు. గ్రీకు భాషలో ఒనిక్స్ అంటే గోరు, మైకిస్ అంటే శిలీంధ్రం. పుచ్చిన పన్నును పిప్పిపన్ను అన్నట్లే, లోపల గుల్లబారి పొడిపొడిగా రాలే గోరును పిప్పిగోరు అంటారు. ఇది పెద్దలలో ఎక్కువ, పిల్లలలో అరుదు. చేతి గోళ్ళకంటె కాలి గోళ్ళకు, అందునా బొటనవేలి గోటికి, ఎక్కువగా వస్తుంది. ప్రాణాంతకమైన వ్యాధి కాదు, కాని దానంతట అది తగ్గడం చాలా అరుదు.

దీనిని గోరుచుట్టుతో పొరబడరాదు. గోరుచుట్టు గోటి చుట్టూ ఉన్న చర్మానికి, సాధారణంగా బాక్టీరియా వలన, కొద్ది రోజులలోనే వాపు, చీము, సలుపులతో వస్తుంది. పల్లెలలో నిమ్మకాయ తొడిగేదీ, రోకటిపోటు సామెతలో వినిపించేదీ అదే. పిప్పిగోరు నెలల తరబడి, తొలిదశలో నొప్పి లేకుండా, నెమ్మదిగా పాకుతుంది. చాలామంది దీనిని అశ్రద్ధ చేయడానికి ఈ నొప్పి లేకపోవడమే ముఖ్య కారణం.

== కారణాలు ==

గోరు కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. ఈ కెరటిన్‌ను తిని బ్రతికే శిలీంధ్రాలను డెర్మటోఫైట్లు అంటారు. వీటిలో ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే జాతి ఎక్కువ మందిలో కనబడుతుంది. తామరను కలిగించే శిలీంధ్రాలు కూడా ఈ కుటుంబానివే. సాధారణంగా వ్యాధి మొదట కాలివేళ్ళ సందులలోనో, అరికాలి చర్మంలోనో ఉండి, అక్కడినుండి గోటి క్రిందకు చేరుతుంది. కనుక వేళ్ళ సందులు నాని పాసిపోవడాన్ని చిన్న విషయంగా తీసుకోరాదు.

గిన్నెలు తోమేవారు, బట్టలు ఉతికేవారు, వంటశాలలలో పనిచేసేవారు వంటి నిత్యం చేతులు తడిలో ఉండేవారికి కాండిడా అనే మరొక శిలీంధ్రం చేతి గోళ్ళకు సోకుతుంది. వీరిలో మొదట గోటి మొదలున చర్మం ఉబ్బి, ఆ తరువాత గోరు చెడుతుంది. మట్టిలో ఉండే కొన్ని బూజులు కూడా, ముఖ్యంగా ఉష్ణదేశాలలో, ఈ వ్యాధికి కారణమవుతాయి.

వయసు మీరడం, మధుమేహం, కాళ్ళకు రక్తప్రసరణ తగ్గడం, గోటికి దెబ్బ తగలడం, గాలి ఆడని బూట్లు, రోగనిరోధక శక్తి లోపించడం ఈ వ్యాధికి దోహదం చేస్తాయి.

== లక్షణాలు ==

చాలామందిలో గోరు కొసన గాని, ప్రక్కన గాని పసుపుపచ్చని లేదా తెల్లని మచ్చ ఏర్పడి మొదలువైపుకు పాకుతుంది. గోరు మందమవుతుంది. క్రింద పిండివంటి పదార్థం పేరుకొని, గోరు దాని పీఠంనుండి విడిపోతుంది. కొందరిలో గోటి పైభాగాన సున్నం చల్లినట్లు తెల్లని మచ్చలు మాత్రమే ఉంటాయి. గోటి మొదలునుండి తెలుపు మొదలవడం అరుదు. అలా కనిపిస్తే రోగనిరోధక శక్తి తగ్గిందేమో, ముఖ్యంగా హెచ్.ఐ.వి. ఉన్నదేమో, పరీక్షించడం మంచిది.

చెడిన గోళ్ళన్నీ పిప్పిగోళ్ళు కావు. రూపం చెడిన గోళ్ళలో సుమారు సగం మాత్రమే శిలీంధ్రాల వలన చెడినవి. సోరియాసిస్, లైకెన్ ప్లానస్, బిగుతు చెప్పుల ఒరిపిడి కూడా ఇటువంటి రూపాన్నే ఇస్తాయి. గోటిపై సూదితో పొడిచినట్లు చిన్న గుంటలుంటే సోరియాసిస్‌ను అనుమానించాలి. ఒకే గోటిలో నల్లని లేదా గోధుమరంగు చార కొత్తగా ఏర్పడి వెడల్పవుతూ ప్రక్క చర్మానికి పాకితే, అది మెలనోమా అనే క్యాన్సర్ కావచ్చును. ఆలస్యం చేయక చర్మవైద్యునికి చూపాలి. గోరింటాకు, గోళ్ళరంగు ఇటువంటి మార్పులను కప్పివేస్తాయి. కనుక వైద్యుని వద్దకు వెళ్ళేముందు రంగు తీసివేయాలి.

== నిర్ధారణ ==

గోటి క్రింది పొడిని గీకి తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి సూక్ష్మదర్శినితో చూస్తే శిలీంధ్రపు పోగులు కనబడతాయి. ఏ జాతి శిలీంధ్రమో తెలియాలంటే దానిని పెంచి చూడాలి. ఇందుకు మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈ పెంపకానికి వాడే మాధ్యమం ఫ్రెంచి చర్మవైద్యుడు రేమండ్ సబూరో (1864-1938) పేరుతో ప్రసిద్ధం. నెలల తరబడి మాత్రలు మ్రింగవలసిన వ్యాధి కనుక, పరీక్ష లేకుండా చూపుతోనే మందు మొదలుపెట్టడం సరికాదు.

== చికిత్స ==

నోటి మందులలో టెర్బినాఫిన్ ముఖ్యమైనది. పెద్దలకు రోజుకు 250 మి.గ్రా. చొప్పున, చేతి గోళ్ళకు 6 వారాలు, కాలి గోళ్ళకు 12 వారాలు ఇస్తారు. ఇట్రాకొనజోల్ మరొకటి. గుండె వైఫల్యం ఉన్నవారికి దీనిని ఇవ్వరాదు. కొలెస్టరాల్ తగ్గించే కొన్ని మందులతో కలిపి వాడరాదు. రెండు మందులూ అరుదుగా కాలేయాన్ని దెబ్బతీయవచ్చు. అందువలన ముందుగా రక్తపరీక్ష చేస్తారు. ఒకప్పుడు విరివిగా వాడిన కీటోకొనజోల్ మాత్రలను కాలేయానికి కలిగే హాని కారణంగా గోటి వ్యాధులకు వాడరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరించింది.

గోరు కొసన మాత్రమే సోకినపుడు అమొరాల్ఫిన్, సైక్లోపిరాక్స్ వంటి పూతమందులు పనిచేయవచ్చు. మందమైన గోటిలోనికి ఇవి సరిగా ఇంకవు కనుక గోటిని అరగదీసి పూయాలి. కాలి గోళ్ళకైతే ఇంచుమించు సంవత్సరంపాటు వాడాలి.

మందు పూర్తయిన నాటికి గోరు బాగుపడినట్లు కనబడదు. చెడిన భాగం తిరిగి బాగుపడదు, క్రొత్త గోరు దానిని ముందుకు నెట్టాలి. చేతి గోరు నెలకు సుమారు 3 మి.మీ., కాలి గోరు అందులో సగమే పెరుగుతుంది. కాలి బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి 12 నుండి 18 నెలలు కావాలి. ఈ సంగతి తెలియక మందు పనిచేయలేదని మధ్యలో మానివేసేవారు చాలామంది.

స్టీరాయిడ్ కలిపిన తామర మందులను కొని పాదాలకు పూయడం మన దేశంలో పెద్ద సమస్య. వీటివలన దురద తగ్గుతుంది, శిలీంధ్రం మాత్రం పెరుగుతుంది. టెర్బినాఫిన్‌కు తరచు లొంగని ఒక తామర శిలీంధ్రానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు.

== మధుమేహం ఉన్నవారు ==

వీరికి పిప్పిగోరు అందానికి సంబంధించిన విషయం కాదు. మందమైన గోరు ప్రక్కవేలిని ఒరుసుకొని పుండు పడినా, స్పర్శ తగ్గిన పాదానికి తెలియదు. ఆ పుండు ద్వారా బాక్టీరియా ప్రవేశిస్తే వేలినే తీసివేయవలసి రావచ్చు. గట్టి గోటిని ఇంట్లో బ్లేడుతో కోయడం ప్రమాదకరం.

== నివారణ ==

స్నానం తరువాత వేళ్ళ సందులు పొడిగా తుడవాలి. గోళ్ళను తిన్నగా, పొట్టిగా కత్తిరించాలి. నూలు మేజోళ్ళను రోజూ మార్చాలి. ఇంటిల్లిపాదీ ఒకే గోళ్ళకత్తెర వాడరాదు. ఉమ్మడి స్నానశాలలలో, వసతిగృహాలలో చెప్పులు వేసుకోవాలి. నీటిపని చేసేవారు నూలు చేతొడుగుల మీద రబ్బరు తొడుగులు ధరిస్తే మంచిది. ఒకసారి నయమైనవారిలో సుమారు ఐదవ వంతు మందికి ఇది తిరిగి వస్తుంది. పాత బూట్లలో శిలీంధ్ర బీజాలు చాలాకాలం బ్రతికి ఉంటాయి కనుక చికిత్స ముగిసేనాటికి వాటిని మార్చాలి.