జీవన సాఫల్యము – డొక్కా సీతమ్మగారి అన్నవ్రతము

ఒకరి జీవితము సఫలమైనదని మనము దేనిని చూసి నిర్ణయిస్తున్నాము? సంపాదించిన ఎకరాలు, కట్టించిన మేడ, పిల్లలు స్థిరపడిన దూరదేశము – లోకము చూసే లెక్క ఇది. భక్తులమైన మనము మరొక లెక్క కూడ వేసుకొంటాము: ఎన్ని క్షేత్రములు సేవించాము, ఎన్ని పుష్కరాలలో స్నానమాడాము అని. ఈ రెండు లెక్కలను సరిదిద్దగల చరిత్ర మన గోదావరి సీమలోనే ఉన్నది.

డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించారు. కోనసీమలోని లంకల గన్నవరములో డొక్కా జోగన్నగారి ఇల్లాలయ్యారు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై డెల్టాలో పంటలు పెరిగినవి గాని, లంకలలో ప్రయాణము మాత్రము కష్టముగానే ఉండేది. వైనతేయ గోదావరి దాటే బాటసారికి పడవ దొరికినా, పట్టెడన్నము దొరకుట అరుదు. అట్టివారికి ఆ ఇంటి తలుపు ఎన్నడూ మూయలేదు. వేళ కాదనక, ఎవరు నీవని అడుగక, ఆమె వండి వడ్డించేవారు.

ఒకమారు ఆమె అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనమునకు బయలుదేరారట. దారిలో కొందరు బాటసారులు, సీతమ్మగారి ఇల్లు చేరితే అన్నము దొరకునని ఆకలిగొన్న పిల్లలను ఊరడించుట విని, వెంటనే వెనుదిరిగారని ఆ ప్రాంతమువారు నేటికీ చెప్పుకొంటారు. దర్శనము కాలేదు గనుక ఆ యాత్ర నిష్ఫలమైనదా? స్వామి దారిలోనే ఎదురై అన్నమడిగినాడని ఆ తల్లి గ్రహించినది. ఇంటికి వచ్చినవానిని కాదనకుండుట వ్రతమని తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి బోధిస్తున్నది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవమునకు ఆహ్వానము వచ్చినా, ఆమె అతిథులను విడచి వెళ్లలేదని కూడ చెబుతారు.

1909లో ఆమె పరమపదించారు. ఆమె విడిచిన ఆస్తి ఎంతయని నేడెవరూ అడుగరు. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. గన్నవరము వద్ద వైనతేయపై పాత అక్విడక్టు ప్రక్కన నిర్మించిన కొత్త అక్విడక్టుకూ ఆమె పేరే.

ఆ పేరు ఎంత తగినది! అక్విడక్టు తనమీదుగా పోవు నీటిని దాచుకొనదు; ఆవలి ఒడ్డున చేలు పండుటే దాని సార్థక్యము. మనకు దక్కిన ధనము, విద్య, ఆరోగ్యము కూడ మనమీదుగా ఆవలివారికి చేరవలసిన నీరే. అందరమూ వందలమందికి వడ్డించలేకపోవచ్చును. నేడు మన గుమ్మములోనికి వచ్చినవాడు తృప్తిగా వెళ్లినాడా అని రాత్రి పడుకొనేముందు తలచుకొనుట మాత్రము అందరికీ సాధ్యమే. సాఫల్యపు లెక్కను అక్కడనుండి మొదలుపెట్టుదము.