ఎన్నికకు ముందు ఎన్నిక

మన జిల్లాలకు కలెక్టరు, ఎస్పీ బదిలీ మీద వస్తారు, బదిలీ మీద పోతారు. టెక్సస్‌లో కౌంటీ కూడా జిల్లాలాంటిదే. కాకపోతే అక్కడ పోలీసు పెద్ద అయిన షెరీఫ్‌నీ, పన్నులు వసూలు చేసే అధికారినీ, దస్తావేజులు చూసే క్లర్కునీ, నేరాల కేసులు నడిపే అటార్నీనీ జనమే ఓటేసి ఎన్నుకుంటారు. పాలనకు పెద్ద కౌంటీ జడ్జి. పేరుకు జడ్జి అంటారు గానీ, నలుగురు కమిషనర్లతో కూర్చుని బడ్జెట్టు, రోడ్లు, వరదల సంగతి చూడటమే ఆయనకు ముఖ్యమైన పని. ఇన్ని కుర్చీలు ఓటు మీద నడిచేచోట ఓటరు జాబితా కోసం ఎంత దూరమైనా వెళ్లేవాళ్లుంటారు. హ్యూస్టన్‌కు నైరుతి దిక్కున ఉన్న ఫోర్ట్ బెండ్ కౌంటీలో ఏకంగా అరవై నాలుగేళ్లు వెళ్లారు.

బ్రాజోస్ నది వంపు తిరిగేచోట 1822లో వలస వచ్చినవాళ్లు చిన్న కోటలాంటి కట్టడం కట్టుకున్నారు. రిచ్‌మండ్ ఊరికీ, ఆ తర్వాత 1837లో ఏర్పడిన కౌంటీకీ ఆ చరిత్రే పునాది. చుట్టూ పత్తి, చెరకు తోటలు. పని చేసింది నల్లజాతి బానిసలు. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయేసరికి కౌంటీలో నల్లవాళ్లే ఎక్కువమంది. ఓటు చేతికొచ్చింది. 1869లో వాల్టర్ మోసెస్ బర్టన్ అనే ఆయన్ను షెరీఫ్‌గా, పన్నుల అధికారిగా గెలిపించుకున్నారు. 1850లో బానిసగా టెక్సస్‌కు తెచ్చిన మనిషి ఆయన. విడుదలయ్యాక పాత యజమాని దగ్గరే భూమి కొన్నాడు, తర్వాత రాష్ట్ర సెనేట్‌కూ వెళ్లాడు.

ఇది చాలామంది తెల్లవాళ్లకు మింగుడు పడలేదు. 1888 నాటికి కౌంటీ రెండు ముఠాలైంది. నల్లవాళ్ల ఓట్లతో పదవుల్లో ఉన్న కొద్దిమంది తెల్లవాళ్లను ఉడ్‌పెకర్లన్నారు. వాళ్లను దించాలన్న తెల్లవాళ్లు జేబర్డ్‌లు. రెండూ పిట్టల పేర్లే, గొడవ మాత్రం తుపాకులది. నల్లజాతి నాయకులను గంటల గడువిచ్చి ఊరు దాటించారు. అయినా ఆ నవంబరు ఎన్నికల్లో ఉడ్‌పెకర్లే గెలిచారు. ఓట్లతో కానిది 1889 ఆగస్టు 16న తుపాకులతో అయింది. రిచ్‌మండ్‌లో కోర్టు భవనం దగ్గర వీధిలోనే కాల్పులు జరిగి, పదవిలో ఉన్న షెరీఫ్ టామ్ గార్వీ చనిపోయాడు. గవర్నర్ సల్ రాస్ స్వయంగా రావలసి వచ్చింది. గవర్నరు వచ్చి వెళ్లాక అధికారం జేబర్డ్‌ల పక్షానికి చిక్కింది.

నన్ను ఆలోచనలో పడేసేది ఆ తర్వాతి భాగం. తుపాకులు దించాక జేబర్డ్‌లు ఒక సంఘం పెట్టుకున్నారు. అది పార్టీ కాదు, ప్రభుత్వ సంస్థ కాదు, కేవలం ప్రైవేటు క్లబ్బు అన్నారు. కౌంటీ ఓటరు జాబితాలోని తెల్లవాళ్లందరూ దరఖాస్తు అక్కర్లేకుండానే సభ్యులు, నల్లవాళ్లకు ప్రవేశం లేదు. అసలు ఎన్నికలకు నెలల ముందే క్లబ్బులో ఓటింగు పెట్టేవారు. అందులో గెలిచినవాడు డెమొక్రటిక్ పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో నిలబడితే ఎదురు నిలిచేవాడు దాదాపు ఉండేవాడు కాదు. నవంబరులో నల్లవాళ్లు వెళ్లి ఓటేయవచ్చు, ఎవరూ అడ్డుపడరు. అప్పటికి తేలవలసింది తేలిపోయి ఉండేది. రాజ్యాంగం ఓటును కాపాడుతుంది కదా, సరే, ఓటు జోలికి పోకుండా ఎన్నికనే పక్కకు జరిపారు. ఇంత నిదానంగా, ఇంత పద్ధతిగా చేసిన అన్యాయం తుపాకి కన్నా ఎక్కువ కాలం నిలిచింది.

1944లో సుప్రీంకోర్టు తెల్లవాళ్లకే పరిమితమైన పార్టీ ప్రైమరీలను కొట్టేసింది. జేబర్డ్‌లు చలించలేదు, మాది పార్టీ కాదుగా అన్నారు. అప్పుడు రైతు విల్లీ మెల్టన్, రిచ్‌మండ్‌లో అంత్యక్రియల వ్యాపారం నడిపే అరిజోనా ఫ్లెమింగ్ వంటివాళ్లు చందాలు పోగుచేసి కోర్టుకెక్కారు. కింది కోర్టులో గెలిచారు, అప్పీలులో ఓడారు. చివరికి 1953 మే 4న 'టెరీ వర్సెస్ ఆడమ్స్' కేసులో సుప్రీంకోర్టు 8-1తో క్లబ్బు ముసుగు తీసేసింది.

అయినా నల్లవాళ్లు మళ్లీ షెరీఫ్ కుర్చీ చేరడానికి ఇంకో అరవై ఏడేళ్లు పట్టింది. 2020లో ఎరిక్ ఫేగన్ గెలిచినప్పుడు బర్టన్ పేరు మళ్లీ పత్రికలకెక్కింది. ఈలోగా తోటలు పోయి కాలనీలు వచ్చాయి. ఒకప్పుడు ఈ కౌంటీ రిపబ్లికన్ నాయకుడు టామ్ డిలే సొంత ఇలాకా. జనాభా 2010లో 5.85 లక్షలు, 2020లో 8.22 లక్షలు. తెల్ల, నల్ల, హిస్పానిక్, ఆసియా జనంలో ఏ ఒక్కరూ సగానికి దరిదాపుల్లో లేరు. ఆసియావాళ్లే అయిదోవంతు దాటారు. 2018లో కేరళలో పుట్టిన కె.పి. జార్జ్ డెమొక్రాట్‌గా కౌంటీ జడ్జి అయ్యారు. 2025లో రిపబ్లికన్ పార్టీలోకి మారారు. గోడ దూకడం మన దగ్గరే అనుకునేవాళ్లకు ఈ వార్త కొంత ఊరట.

మనవాళ్లూ తక్కువేం లేరు. 2024లో ఇదే కౌంటీలోని షుగర్‌ల్యాండ్ అష్టలక్ష్మి ఆలయంలో 90 అడుగుల హనుమంతుడి విగ్రహం వెలిసింది. అయితే జనాభా లెక్క, ఓటరు లెక్క ఒకటి కావు. టెక్సస్ ఓటరు నమోదు పత్రంలో జాతి అడగరు, పార్టీ అడగరు. ఆసియా ఓటర్లు ఇంతమంది అని చెప్పేవన్నీ ఇంటిపేర్లనూ సెన్సస్‌నూ జోడించి వేసే అంచనాలే. సెన్సస్‌లో మాత్రం హెచ్1బీ మీద ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లు అందరూ లెక్కకొస్తారు. రాష్ట్ర సెనేట్ నియోజకవర్గాలను మొత్తం జనాభా మీద గీయవచ్చని 2016లో సుప్రీంకోర్టు చెప్పిన కేసూ టెక్సస్‌దే. కమిషనర్ల హద్దులు గీసేటప్పుడూ ఈ జనమంతా లెక్కలో ఉంటారు. ఇల్లు కొని, పన్ను కట్టి, పిల్లల్ని బడికి పంపే ఒక తెలుగు ఇంజినీరు ఆ హద్దును అటో ఇటో జరపగలడు. కమిషనరును ఎన్నుకునే రోజున ఓటు మాత్రం పౌరసత్వం వచ్చిన పక్కింటాయనదే.