ఇండోర్ గంజాయి మొక్కల ఆకు సమస్యలు – నిర్ధారణ

గదిలో విద్యుద్దీపాల కింద పెంచే గంజాయి మొక్కల ఆకులు పసుపు బారినా, అంచులు మాడినా, ముడతపడినా, మచ్చలు తేలినా వాటి వెనక ఉన్న కారణాన్ని తేల్చే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ సాగుకు చట్టం ఒప్పుకున్న కెనడా, ఇజ్రాయెల్, అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో ఇది ఉద్యాన శాస్త్రంలో ఒక భాగంగా ఎదిగింది. ధాతు లోపాలు, వేరు దగ్గర నీరు–ఆమ్లతల తేడాలు, దీపాలూ వేడీ గాలీ, పురుగులూ తెగుళ్లూ – ఆకు చెడడానికి కారణాలు స్థూలంగా ఇవే. ఒకదాని లక్షణం ఇంకొకదానిలా కనిపించడమే అసలు చిక్కు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఆకు ఏ రంగులో ఉందో చూసేముందు, అది మొక్క మీద ఎక్కడ ఉందో చూస్తారు.

చట్టం

కెనడాలో 2018 అక్టోబరు 17న కానబిస్ చట్టం అమల్లోకి వచ్చింది. ఇంటికి నాలుగు మొక్కల వరకు పెంచుకోవడానికి ఆ చట్టం వీలిచ్చింది. క్యుబెక్ మాత్రం ఇంటి సాగును నిషేధించింది. ఆ నిషేధం చెల్లుతుందని కెనడా సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పింది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నారన్నదాన్ని బట్టి నియమం మారుతుంది.

భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనుమతి లేకుండా ఈ మొక్కను పెంచడం నేరం. పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పూత, కాయ ఉన్న కొమ్మ చివళ్లనే ఆ చట్టం గంజాయి అంటుంది. విడిగా ఉన్న ఆకును ఆ నిర్వచనంలో చేర్చలేదు. అయినా మొక్కను పెంచడమే నిషిద్ధం కాబట్టి పెంచేవాడికి ఈ మినహాయింపు అక్కరకు రాదు. నార కోసం, గింజ కోసం ప్రభుత్వ అనుమతితో సాగు చేసే దారి చట్టంలో ఉంది. ఉత్తరాఖండ్ 2018లో ఆ దారి పట్టింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠకులకు ఈ వ్యాసంలో పనికొచ్చేది సాగు విధానం కాదు, ఆకును చదివే తర్కం. మిరపకైనా టమాటాకైనా ఆ తర్కం ఇదే.

ముదురాకా, లేతాకా

గంజాయి ఆకు చేతివేళ్లలా విచ్చుకున్న సంయుక్త పత్రం. సాధారణంగా ఐదు నుంచి తొమ్మిది రెక్కలుంటాయి, అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. మొలకలో మొదటి జత నిజమైన ఆకులకు ఒక్కో రెక్కే ఉంటుంది. దాన్ని చూసి ఎదుగుదల లోపమని కంగారుపడేవాళ్లున్నారు. పూత చివరి వారాల్లో అడుగు ఆకులు పండి రాలడం కూడా సహజమే. ఆ దశలో నత్రజని పోస్తే మేలు జరగకపోగా పూత నాణ్యత చెడుతుంది.

కొన్ని ధాతువులను మొక్క పాత ఆకుల్లోంచి తీసి కొత్త చిగురుకు పంపుకోగలదు. నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం ఇలా కదిలేవి. వీటికి కొరత వస్తే ముందు ఎండేది అడుగునున్న ముదురాకు. కాల్షియం, ఇనుము, బోరాన్ ఒకసారి ఆకులో చేరితే దాదాపు అక్కడే ఉండిపోతాయి. కొరత మొదట చిగురులో బయటపడుతుంది. గంధకం ఈ రెంటికీ నడుమ ఉంటుంది, మొత్తం మీద లేతాకువైపే మొగ్గుతుంది. ఈ ఒక్క విభజనతో సగం అనుమానాలు తొలగిపోతాయి.

నత్రజని తగ్గితే అడుగు ఆకు ఈనెలతో సహా అంతటా సమంగా పాలిపోతుంది. మెగ్నీషియం తగ్గితే ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం పసుపు బారుతుంది. పొటాషియం లోపం అంచున మొదలవుతుంది: పసుపు, తర్వాత గోధుమరంగు మాడు, తర్వాత అంచు పైకి తిరగడం. ఇనుము లోపం మెగ్నీషియం లోపంలాగే ఈనెల మధ్య పసుపు, కాకపోతే కొనలేతాకుల్లో. ముదిరితే ఆకు దాదాపు తెల్లబడుతుంది. బొమ్మ ఒకటే, చోటు వేరు. ఫోటోలో ఒక్క ఆకును చూపించి కారణం అడిగితే నిపుణుడు కూడా చెప్పలేకపోవడానికి ఇదే కారణం.

భాస్వరం దగ్గర పొరపాట్లు ఎక్కువ. కాడ, ఆకు ఊదారంగుకు తిరిగితే భాస్వరం లోపమని చాలా పంటల పాఠాల్లో ఉంటుంది. గంజాయిలో ఆ ఊదారంగు రకం స్వభావం వల్ల రావచ్చు, రాత్రి చలి వల్ల రావచ్చు. 2019లో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మొక్కలను ఇసుకలో పెంచి, పోషక ద్రవం నుంచి ఒక్కో ధాతువును తీసేసి, ఏ ఆకు ఎలా మారుతుందో నమోదు చేశారు. ఈ పంటకు లోప లక్షణాలను ఇలా ఒక క్రమంలో నమోదు చేసిన తొలి పరిశోధనల్లో అది ఒకటి. అంతకుముందు పెంపకందారులు ఎక్కువగా టమాటా, పొగాకు బొమ్మలతో పోల్చుకుని నెట్టుకొచ్చారు. ఇజ్రాయెల్‌లోని వోల్కాని సంస్థ కూడా ఔషధ గంజాయికి ఏ ధాతువు ఎంత కావాలో వరుసగా పరిశోధించింది.

లోపం కన్నా అతి ఎక్కువ నష్టం చేసే సందర్భాలూ ఉన్నాయి. ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుతూ, రెక్కల కొసలు పక్షి గోళ్లలా కిందికి వంగితే నత్రజని మితిమీరిందని గ్రహించాలి. అన్ని ఆకుల కొసలూ సన్నగా మాడితే ద్రవంలో లవణాలు పెరిగాయని అర్థం. దీన్ని కూడా లోపమనుకుని ఇంకాస్త ఎరువు పోయడం ఇండోర్ సాగులో నిత్యం జరిగే తప్పు.

ఎరువు ఉంది, వేరుకు అందడం లేదు

గదిలో పెంచేవాళ్లు ఎరువు తక్కువ వేయడం అరుదు. సీసాల్లో దొరికే పోషక ద్రవాల్లో మొక్కకు కావలసినవన్నీ ఉంటాయి. అయినా లోపం కనిపించిందంటే ముందు అనుమానించాల్సింది ఉదజని సూచికను (pH). మట్టి లేని సాగులో వేరు దగ్గర అది 5.5 – 6.5 మధ్య ఉండాలి. దాటితే ఇనుము, మాంగనీసు కుండీలో ఉండి కూడా కరగవు, చిగురు తెల్లబోతుంది. మరీ పడిపోతే మాంగనీసు అతిగా కరిగి విషమవుతుంది.

నీటి తీరు కూడా ముఖ్యమే. కాల్గరీ కుళాయి నీళ్లు కఠినం. వాటిలోని బైకార్బనేట్లు కుండీలోని ఉదజని సూచికను వారాల తరబడి మెల్లగా పైకి నెడతాయి. వాంకూవర్ నీళ్లు చాలా మెత్తనివి. కాల్షియం, మెగ్నీషియం విడిగా కలపకపోతే చాలవు. ఒకే కంపెనీ ఎరువు ఒకే మోతాదులో వాడినా మొదటి ఊళ్లో చిగురు పాలిపోవచ్చు, రెండో ఊళ్లో లేతాకు వంకర్లు పోవచ్చు.

కొబ్బరి పొట్టు సంగతి వేరే చెప్పాలి. ఈ సాగులో మట్టికి బదులు వాడే పొట్టులో ఎక్కువ భాగం భారతదేశం, శ్రీలంకల నుంచే వెళుతుంది. ఆ పొట్టులో సహజంగా పొటాషియం, సోడియం ఎక్కువ. కాల్షియం, మెగ్నీషియంలను అది తన దగ్గరే పట్టి ఉంచుతుంది. కాల్షియం నైట్రేటు నీళ్లలో నానబెట్టి సిద్ధం చేయని పొట్టులో మొక్క నాటితే, పోసిన కాల్షియం ముందు పొట్టుకు పోతుంది, మిగిలినదే మొక్కకు. ఆకు మీద తుప్పు మచ్చలు తేలాక జనం మోతాదు పెంచుతారు; చేయాల్సింది పొట్టును కడిగి సిద్ధం చేయడం.

కాల్షియానికి ఇంకో మెలిక ఉంది. అది వేరు నుంచి చిగురుకు నీటి ప్రవాహంతోపాటే వెళ్తుంది. ఆకు నీటిని ఆవిరిగా వదిలితేనే ఆ ప్రవాహం సాగుతుంది. గదిలో తేమ మరీ ఎక్కువై గాలి ఆడకపోతే ద్రవంలో కాల్షియం నిండుగా ఉన్నా చిగురు మెలితిరుగుతుంది. అక్కడ కావాల్సింది ఫ్యాను.

నీరు ఎక్కువైన మొక్కా, తక్కువైన మొక్కా రెండూ ఆకులు వాలుస్తాయి. ఎక్కువైతే ఆకు దళసరిగా, నీటితో బిగిసి, కాడ దగ్గర నుంచి కిందికి వంగుతుంది. తక్కువైతే పలచబడి, బట్టలా వేలాడుతుంది. అనుమానం తీరాలంటే కుండీని చేత్తో ఎత్తి బరువు చూడాలి, వేరును చూడాలి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగా ఉంటుంది; గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైపొర ఊడొస్తే అది పిథియం వంటి వేరుకుళ్లు. అప్పుడు ఆకులో కనిపించే పసుపుకు ఎరువుతో సంబంధం లేదు.

తెగులనుకున్నది ధాతు లోపంగా తేలిన కథ మన దగ్గరా ఉంది. వరిలో ఆకు తుప్పురంగుకు తిరిగే ఖైరా తెగులు నిజానికి జింకు లోపమని 1960లలో పంత్‌నగర్‌లో వై.ఎల్. నెనె నిరూపించారు. మందు పిచికారీ మాని జింకు సల్ఫేటు వేయడం అప్పటి నుంచి మొదలైంది.

దీపం, వేడి

దీపానికి దగ్గరగా ఉన్న పై ఆకులు, మొగ్గల కొసలు తెల్లబడితే అది కాంతి ఎక్కువైనందువల్ల వచ్చిన పాలిపోత. పైన ఎండి, కింద పచ్చగా ఉండటం దీని గుర్తు. నత్రజని లోపం ఇందుకు సరిగ్గా తలకిందులు. వేడి ఎక్కువైతే రెక్కల రెండంచులూ దోనెలా పైకి లేస్తాయి.

రంగు చూసే ముందు సాగు దీపం ఆపి తెల్ల దీపం వేయాలి. సోడియం దీపం కింద ప్రతి ఆకూ పసుపుగానే ఉంటుంది. ఎరుపు–నీలం ఎల్ఈడీల ఊదా వెలుగులో ఆకు నల్లగా కనపడి, నిజమైన పసుపు దాగిపోతుంది. ఇంత చిన్న విషయం పట్టించుకోక తప్పుడు వైద్యం చేసిన గదులు తక్కువేమీ కావు.

పురుగులు, తెగుళ్లు

ధాతు లోపం సాధారణంగా ఆకు రెండు సగాల్లోనూ ఒకేలా, ఒకే వయసు ఆకులన్నింటిలో వస్తుంది. పురుగు పని అలా ఉండదు. చెదురుమదురుగా, ఒక మూల మొక్క నుంచి మొదలై పాకుతుంది. లెన్సు తీసుకుని ఆకు అడుగు చూడటం ఇక్కడ తప్పనిసరి.

ఎర్రనల్లి రసం పీల్చిన చోట ఆకు పైన సూదిపొడుపుల్లాంటి తెల్ల చుక్కలు పడతాయి. ముదిరితే సాలెగూళ్లు అల్లుకుంటాయి. తామర పురుగు గీరిన చోట వెండిరంగు చారలు, వాటి మీద నల్లని రెట్ట చుక్కలు ఉంటాయి. పేనుబంక జిగురు కారుస్తుంది. మిరపలో కిందముడత తెచ్చే తెల్లనల్లి, కెనడా గదుల్లో గంజాయి చిగురును మెలితిప్పి నిగనిగలాడించే నల్లి ఒకే జాతివి. గుంటూరు జిల్లా రైతు పైముడతను చూసి తామర పురుగనీ, కిందముడతను చూసి నల్లి అనీ చెబుతాడు. ఆ సూత్రాన్ని ఇక్కడ యథాతథంగా వాడకూడదు. ఎందుకంటే గంజాయి మీద మాత్రమే బతికే ఒక సూక్ష్మనల్లి ఆకు అంచులను పైకి చుడుతుంది. దాని పొడవు సుమారు 0.2 మిల్లీమీటర్లే. మామూలు లెన్సుకు దొరకక, చాలాసార్లు వేడి దెబ్బగానో మెగ్నీషియం లోపంగానో లెక్కలోకి పోతుంది.

బూడిద తెగులును గుర్తించడం తేలిక: ఆకు మీద తెల్ల పొడి, వేలితో రుద్దితే వస్తుంది. పూత దగ్గరి చిన్నాకుల మీద మెరిసే రెసిన్ గ్రంథులను మాత్రం బూడిద అనుకోకూడదు; అవి రుద్దితే జిగటగా అంటుతాయి. పూత గుత్తిలోంచి ఒకే ఒక్క చిన్నాకు హఠాత్తుగా ఎండి, లాగితే ఊడొస్తే లోపల బూజుకుళ్లు ఉందేమో విడదీసి చూడాలి. మొక్కలో ఒక పక్క కొమ్మలే వాడిపోతే ఫ్యుజేరియం ఎండు తెగులును అనుమానించాలి.

మందు కొట్టే విషయంలో ఈ పంటకు ఉన్న ప్రమాదం వేరు. మన దగ్గర ద్రాక్షలో బూడిద తెగులుకు వాడే మైక్లోబ్యుటానిల్‌ను ఇక్కడ వాడరాదు. పొగతాగేటప్పుడు ఆ వేడికి అది విచ్ఛిన్నమై హైడ్రోజన్ సయనైడ్‌ను వదులుతుంది. 2016–17 ప్రాంతంలో కెనడాలో లైసెన్సు ఉన్న కొన్ని సంస్థల సరుకులో దీని ఆనవాళ్లు దొరికి, సరుకును వెనక్కి రప్పించారు. తర్వాత పురుగుమందుల అవశేషాల పరీక్ష తప్పనిసరి అయింది.

ఆకు చెప్పలేనిది

కంటితో చూడటం తొలి మెట్టు మాత్రమే. రెండో మెట్టు కొలత: కుండీ అడుగు నుంచి కారిన నీటి ఉదజని సూచిక, లవణ సాంద్రత. ఈ రెంటినీ కొలిచే పరికరాలు చేతిలో ఇమిడేవే. మూడోది ప్రయోగశాలలో ఆకు విశ్లేషణ. దానికి కొత్తగా ముదిరిన ఆకులను, బాగున్న మొక్క నుంచీ బాగోలేని మొక్క నుంచీ విడివిడిగా పంపాలి. పోల్చుకోవడానికి బాగున్న ఆకు లేకపోతే అంకెలు చేతికొచ్చినా ఉపయోగం తక్కువ. ఒకసారి చెడిన ఆకు చికిత్స తర్వాత మామూలుగా మళ్లీ పచ్చబడదు. కోలుకుందో లేదో ఆ తర్వాత వచ్చే ఆకులే చెబుతాయి. అందుకే ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు, చేసిన మార్పుకు కనీసం వారమైనా గడువివ్వాలి.

ఇవేవీ పట్టుకోలేనిది హాప్ లేటెంట్ వైరాయిడ్. ప్రోటీను పొర కూడా లేని 256 న్యూక్లియోటైడ్ల ఆర్ఎన్ఏ వలయం ఇది. 1980లలో హాప్స్ తీగలో గుర్తించారు. గంజాయిలో ఉన్నట్టు 2019లో కాలిఫోర్నియా నుంచి తొలి నివేదికలు వచ్చాయి. సోకిన మొక్క గిడసబారుతుంది, ఆకులు చిన్నవవుతాయి, కొమ్మలు పుటుక్కున విరుగుతాయి, రెసిన్ తగ్గుతుంది. చాలా మొక్కల్లో ఎంతో కాలం ఏ లక్షణమూ ఉండదు. అలాంటి తల్లిమొక్క నుంచి తీసిన కొమ్మ ముక్కలతోనూ, కత్తెరలతోనూ గదంతా పాకుతుంది. వైరాయిడ్ వేళ్లలో ఎక్కువగా పోగవుతుంది కనుక, పరీక్షకు ఆకు కన్నా వేరు ముక్క పంపడం నయం. నిర్ధారణకు ఆర్టీ–పీసీఆర్ పరీక్షే ఆధారం. సోకిందని తేలిన మొక్కను నయం చేసే మందు లేదు, దాన్ని పీకి నాశనం చేస్తారు.