వేంపల్లె రాయి – సూక్ష్మజీవుల నేత

గండికోట కడ పెన్న కోసిన రాతికంటె, దక్షిణమున నున్న వేంపల్లె సున్నపురాయి ప్రాచీనము. దానిలోని యుల్లిపొరలవంటి వంపులు నీటి యలల జాడలని నేను చిరకాలము బాలురకు బోధించితిని. అది నా పొరపాటు. సుమారు 190 కోట్ల యేండ్ల క్రిందట, లోతులేని సముద్రమున సూక్ష్మజీవులు జిగటచాపలై సున్నమును బట్టియుంచగా నేర్పడిన పొరలవి.

నేటి కోనేటిమెట్ల పాచియందును అట్టి కాపురములే. వానిని గట్టియుంచు త్రాళ్లలో మాంసకృత్తుల పోగులు కొన్ని. స్వీడను శాస్త్రజ్ఞులు 1989లో వర్ణించిన ‘కర్లి’ పోగు, మనుష్యుల మెదడును చెరచు అల్జీమర్సు వ్యాధిపోగుల జాతి యల్లికయే యని 2002లో తేలినది. మనకు చేటైన నేత వానికి ఇంటిగోడ!

ఆ పోగును నేయించు జన్యువులు మిక్కిలి దూరపు సూక్ష్మజీవి వంశములందును గలవు. కావున నీ విద్య చాల పాతదని యూహ. వేంపల్లె రాతిలో మాత్రము పోగు మిగులలేదు, పొర యాకారమే మిగిలినది. పోగుల వంశావళిని బ్రతికియున్న జీవుల జన్యువులందే చదువుచున్నారు.